దయ చూపమని ముందు ఎవరికి చెప్పాలి?

ఆదివాసీ కథ బయటివాళ్ల చేతిలో పడితే మనకి రెండే వేషాలు. గొడ్డలి పట్టినోడు, లేదంటే పాపం అమాయకుడు. మనోళ్లు వాదిస్తారని, క్షమించే ముందు లెక్క అడుగుతారని రాసేవాళ్లు తక్కువ. అందుకే 1891లో వచ్చిన ఒక ఫిలిప్పీన్స్ నవల గురించి పూండిలో కూర్చొని రాస్తున్నాను.

నవల పేరు ‘ఎల్ ఫిలిబుస్తెరిస్మో’. రాసినాయన హోసే రిజాల్. స్పెయిన్ పాలకులు 1896 డిసెంబరు 30న మనీలాలో ఆయన్ని కాల్చి చంపారు. ఈ నవల్లో తాలెస్ అనే రైతు ఉన్నాడు. అడవి నరికి పొలం చేసుకున్నాడు. ఆ పనిలోనే భార్య, పెద్దకూతురు జ్వరమొచ్చి పోయారు. పంట చేతికొచ్చే వేళకి మఠం వాళ్లొచ్చి భూమి మాదన్నారు. కాగితం చూపించలేదు. ఏటేటా శిస్తు మాత్రం పెంచారు. కోర్టుకెళ్తే ఓడిపోయాడు. పోడు కొట్టుకున్న మనోళ్లకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

చివరికి తాలెస్ తుపాకీ పట్టాడు. మఠం అధికారితో పాటు, తన పొలాన్ని కౌలుకి తీసుకున్న రైతునీ, ఆ రైతు పెళ్లాన్నీ చంపాడు. పగ పైవాడితో ఆగలేదు, పక్కనున్న పేదోడి దాకా వచ్చింది. తాలెస్ కొడుకు తానోని అంతకుముందే సైన్యంలోకి లాక్కుపోయారు. ఒకరోజు పైఅధికారి ఆజ్ఞ మీద కొండ మీదున్న మనిషిని కాల్చాడు. దగ్గరికెళ్లి చూస్తే సొంత తాత. ఇది పాత కథ అనుకోకండి. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం పేరుతో ఆదివాసీ కుర్రాళ్లకే తుపాకులిచ్చి ఆదివాసీ ఊళ్ల మీదకి పంపారు. ఇది రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పడానికి 2011 జులై దాకా పట్టింది.

రిజాల్ ఇందులో ఒక జానపద కథని కూడా వాడుకున్నాడు. కొండ గుహలో గొలుసులతో కట్టేసిన రాజు ఉన్నాడని, ఏదో ఒకరోజు తెంచుకొని వచ్చి జనాన్ని విడిపిస్తాడని అక్కడి నమ్మకం. పోలీసుల చేత దెబ్బలు తిన్న బండివాడు ఆ రాజునే తలుచుకుంటాడు. అప్పటికే ఒక కాలు విడిపించుకున్నాడట! కానీ జనం దగ్గరికి వచ్చింది రాజు కాదు, సీమోన్. పగ తీర్చుకోడానికి మారుపేరుతో తిరిగొచ్చిన నగల వ్యాపారి. దీపంలో పేలుడుమందు పెట్టి పెళ్లివిందులో అందరినీ చంపాలనుకుంటాడు. ఒక కుర్రాడు, తను ప్రేమించిన పిల్ల ఆ విందులోనే ఉందని, దీపాన్ని నదిలో విసిరేస్తాడు. చావుబతుకుల్లో ఉన్న సీమోన్‌కి ఒక పాద్రీ బోధ చేస్తాడు: ద్వేషం పునాదిగా స్వేచ్ఛ నిలవదని.

నా పేచీ ఇక్కడే. ఆ పాఠం చచ్చిపోతున్న తిరుగుబాటుదారుడికి చెప్పారు సరే. భూమి మింగిన మఠానికి ఎవరు చెప్పారు?

మన జిల్లా సంగతే చూడండి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ గిరిజన సంఘం సభకి వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర దాడి జరిగింది. కోరన్న, మంగన్న చనిపోయారు. కేసు నడిచింది, నిందితులు విడుదలయ్యారు. 1968 నవంబరులో ఈ తీరంలోని గరుడభద్రలో భూస్వామి పంట కోశారు, పెదగొత్తిలిలో వడ్డీ వ్యాపారి ఇంటి మీద పడ్డారు. ఆ తర్వాత ఎన్ని ప్రాణాలు పోయాయో మనకి తెలుసు. ‘హింస వద్దు’ అని మనకి చెప్పేవాళ్లు కోర్టు తీర్పు దగ్గర ఎందుకు మాట్లాడరు? న్యాయం దొరకనోడిని దయ అడగడం, గాయాన్ని మర్చిపోమనడమే.

అలాగని పగే దారి అనడం లేదు. మన సవరల దగ్గర మూడో దారి ఉంది. చనిపోయినోళ్లు సొనుంలై తిరిగొస్తారు. తమని చంపిన జబ్బునే బతికున్నోళ్ల మీదకి తెస్తారు. అప్పుడు కుడాన్ నోట ఆ చనిపోయిన మనిషి మాట్లాడతాడు. ఎందుకు కోపమో చెప్తాడు. ఇంట్లోవాళ్లు జవాబిస్తారు, తగువాడతారు, ఏడుస్తారు. ఒక్కరోజులో తెగదు, ఏళ్లు పడుతుంది. చివరికి కోపం చల్లారి, ఆయన కాపాడే పెద్ద అవుతాడు. ఆయన పేరు పుట్టిన బిడ్డకి పెడతారు. ఒడిశా సవరల దగ్గర 1975 నుంచి ఈ సంభాషణలు విన్న పియర్స్ విటెబ్‌స్కీ వాటి మీద పుస్తకాలే రాశాడు. ఇందులో నాకు కనబడేది ఒక్కటే: ముందు గాయపడినోడి మాట పూర్తిగా వినాలి, జవాబు చెప్పాలి. క్షమ ఆ తర్వాతే.

ఈ కొలతతో మనల్ని కూడా కొలుచుకోవాలి. జబ్బొస్తే చిల్లంగి పెట్టిందని పక్కింటి ముసలమ్మ మీదకి వెళ్లడం కూడా పగే. అక్కడ ఆవిడ మాట ఎవరూ వినరు. బయటివాడి అన్యాయాన్ని నిలదీసే గొంతు ఆవిడ కోసమూ లేవాలి.

మందస, మెళియాపుట్టి కొండల్లో ఆదివాసులే ఉన్నా షెడ్యూల్డ్ జాబితాకెక్కని ఊళ్లున్నాయి. 1/70 చట్టం రక్షణ వాటికి లేదు. ఆ ఊళ్లకి జవాబు చెప్పకుండా శాంతి గురించి మాట్లాడే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.

రాయగలిగిన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. సొనుంల మాటలు తెలిసిన పెద్దలు ఇంకా కొందరున్నారు. ఫోన్‌లో రికార్డు చేయండి, సవర మాటల్ని సవరలోనే రాసుకోండి. రిజాల్ తన కొండ రాజుని నవల్లోకి తెచ్చాడు. మన పెద్దలు నవల్లోకి వస్తే, చేతిలో గొడ్డలితోనో కళ్లలో నీళ్లతోనో మాత్రమే రారు. లెక్క అడుగుతూ వస్తారు.