వీథి మేల్కొన్న వేళ

నగరాలలోని పేదపేటలను బాగుచేయడానికి వచ్చే పథకాలు పెక్కు. ప్రారంభోత్సవం నాటి పూలదండలు వాడిపోకముందే వాటిలో కొన్ని మూలపడతాయి. కుళాయి విరిగితే బిగించేవారుండరు. కాలువ పూడితే పూడిక తీసేవారుండరు. అది సర్కారు సొత్తు గనుక సర్కారే చూచుకోవాలని పేటవాసి భావిస్తాడు. అదే మనిషి తన కష్టార్జితంతో త్రవ్వించుకున్న కాలువను ఏళ్ల తరబడి కాపాడుకుంటాడు. ఈ భేదానికి కారణం ఏమిటి? కరాచీ నగరంలోని ఓరంగీ పేట చరిత్ర ఈ ప్రశ్నకు చక్కని సమాధానం.

నగరానికి వాయవ్య దిశలో 1965 ప్రాంతంలో వెలసిన ఓరంగీ, 1971 తర్వాత బంగ్లాదేశ్ నుండి తరలివచ్చిన కుటుంబాలతో మరింత విస్తరించింది. ఇళ్లను జనం తామే కట్టుకున్నారు. కాని మురుగునీరు పోయే దారి లేదు. వాడుకనీరు వీథిలోనే నిలిచేది. ఆ బురదలోనే పిల్లలు ఆడుకునేవారు. ఇంటి లోపలి శుభ్రత గృహిణి చేతిలో ఉన్నా, గడప దాటితే రోగాలే స్వాగతం పలికేవి.

1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అక్కడికి వచ్చారు. ఐ.సి.ఎస్. పదవిని 1945లో వదలి, అలీగఢ్ సమీపంలో కూలీగా, తాళాలు చేసేవానిగా జీవించిన మనిషి ఆయన. కొమిల్లాలో గ్రామీణ సహకారోద్యమాన్ని నడిపి, 1963లో మెగసేసే బహుమతిని అందుకున్నారు. ఓరంగీలో ఆయన వెంటనే పథకమేదీ ప్రకటించలేదు. నెలల తరబడి వీథులు తిరిగి జనం మాటలు విన్నారు. వారికి అన్నిటికంటె బాధాకరమైనది మురుగేనని గ్రహించారు. మరి వారే దానిని ఎందుకు తొలగించుకోలేదు?

అడ్డంకులు నాలుగని ఆయన తేల్చారు. మొదటిది మనసులోనిది: ఇది ప్రభుత్వం ఉచితంగా చేయవలసిన పని అన్న నమ్మకం. రెండవది సంఘానిది: ఇరుగుపొరుగులకు కలసి పనిచేసే అలవాటు లేకపోవడం. మూడవది ఖర్చు. నాలుగవది సాంకేతిక జ్ఞానం కొరవడడం.

వీటికి విరుగుడు కూడా వీథిలోనే లభించింది. ఇరవై, ముప్పై ఇళ్లున్న ఒక్కొక్క వీథిని ఒక యూనిట్‌గా తీసుకున్నారు. అన్ని కుటుంబాలూ పరస్పరం ఎరిగినవే కనుక మోసానికి తావు తక్కువ. వీథివారు తమలో ఒకరిని నాయకునిగా ఎన్నుకుని సహాయం కోరితేనే సంస్థ కదిలేది. నేల వాలు కొలిచి, పటం గీసి, అంచనా వేసి, పనిముట్లు ఎరువిచ్చేది. డబ్బు మాత్రం ముట్టేది కాదు. చందాలు వసూలు చేయడం, కూలీలను కుదుర్చుకోవడం, పని తనిఖీ చేయడం అంతా వీథివారి వంతు.

కంట్రాక్టరు లాభం, లంచాలు తొలగిపోయాయి. డిజైన్లను తేలికపరచారు, మ్యాన్‌హోళ్లను ఉక్కు అచ్చులతో అక్కడికక్కడే పోత పోశారు. ఫలితంగా ఇంటింటికీ మరుగుదొడ్డితో సహా ఖర్చు ఆనాటి పాకిస్తాన్ రూపాయలలో సుమారు వెయ్యికి దిగింది. అది పేద కుటుంబం కూడబెట్టుకోగల మొత్తం. తొలి రోజులలో పొరపాట్లు జరగకపోలేదు; కాంక్రీటు నాసిగా కుదిరిన చోట్లున్నాయి. అయితే సొమ్ము తమది గనుక జనం ఆ లోపాలను దాచలేదు, దిద్దుకున్నారు. ఒక వీథి పొడిబారడం చూచి పక్క వీథివారు ముందుకు వచ్చారు. కాలక్రమాన 90 వేలకు పైగా ఇళ్లకు ఈ విధంగా మురుగు సౌకర్యం అమరింది.

అయితే జనమే సమస్తమూ చేసుకోవాలన్నది ఓరంగీ నేర్పే పాఠం కాదు. వీథి గొట్టం ఎంత చక్కగా వేసినా, ఆ మురుగును మోసే పెద్ద కాలువ, దానిని శుద్ధిచేసే కేంద్రం పేటవాసుల శక్తికి మించినవి. అందుకే పనిని రెండుగా విభజించారు: ఇల్లు, వీథి, వీథులను కలిపే చిన్న కాలువ జనానివి, పెద్ద కాలువలు, శుద్ధి కేంద్రాలు ప్రభుత్వానివి. ఈ హద్దు స్పష్టంగా ఉన్నప్పుడే, ఎవరి వంతు వారు చేశారా అని అడిగే హక్కు రెండువైపులకూ కలుగుతుంది. తన వంతు పూర్తిచేసినవాడు యాచకునిగా కాక పౌరునిగా అడుగుతాడు.

ఈ మార్గం ప్రమాదరహితమూ కాదు. ఖాన్ 1999లో మరణించారు. ఆయనతో 1983 నుండి పనిచేసిన పర్వీన్ రహమాన్ నగరం అంచులలోని పేదల పేటలకు, నీటికి సంబంధించిన వివరాలను పటాలకెక్కించారు. 2013 మార్చి 13న ఆమెను కరాచీలో కాల్చి చంపారు. పేదవాని నేల ఎక్కడుందో కాగితంపై కనబడడం కొందరికి గిట్టదు.

సిమెంటు, ఇటుకలు ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిది, ఇది మాది అన్న భావం. దానిని పైనుండి మంజూరు చేయడం సాధ్యం కాదు. పొరుగువారు ఒకచోట కూర్చుని, చందా లెక్క చూచుకుని, గునపం చేతబట్టిన రోజున అది దానంతట అదే పుడుతుంది.