పురుగు నూరుకునే కత్తి

1901లో జపాన్‌లో పట్టుపురుగులు ఉన్నట్టుండి చచ్చిపోతుంటే షిగెటానె ఇషివాటా అనే శాస్త్రవేత్త కారణం వెతికాడు. దొరికింది ఓ బ్యాక్టీరియా! పదేళ్ల తర్వాత జర్మనీలో ఎర్నెస్ట్ బెర్లినర్ దాన్నే పిండికి పట్టే పురుగులో చూశాడు. థురింజియా అనే ప్రాంతం పేరు కలిపి ‘బాసిల్లస్ థురింజియెన్సిస్’ అన్నాడు. మన పత్తి చేలల్లో వినిపించే ‘బీటీ’ అదే.

పట్టు రైతుని ముంచిన ఆ సూక్ష్మజీవి పత్తి రైతుకి అక్కరకొచ్చింది. ఎలాగంటే... అది తయారుచేసే ఓ ప్రొటీన్ స్ఫటికాల రూపంలో ఉంటుంది. అలా ఉన్నంతవరకూ విషం కాదు. గొంగళిపురుగు మింగాకే అసలు కథ. దాని పేగులో గాఢమైన క్షారం ఉంటుంది. అందులో స్ఫటికం కరుగుతుంది. తిండిని అరిగించే ఎంజైములే ఆ ప్రొటీన్‌నీ కత్తిరిస్తాయి. దాదాపు సగం పోగా మిగిలిన ముక్కే విషం. అంటే, తనని చంపే కత్తిని పురుగే నూరుకుంటుందన్నమాట!

ఆ ముక్క పేగు కణాల మీదుండే గ్రాహకాలకు అతుక్కుంటుంది, తాళంకప్పలో తాళంచెవిలా. అలాంటివి కొన్ని జట్టుకట్టి కణం పైపొరకు సన్నని చిల్లు పెడతాయి. అందులోంచి లవణాలు, వాటి వెంటే నీరు లోపలికి చొరబడతాయి. కణం ఉబ్బి పగిలిపోతుంది. పురుగు తిండి మానేసి కొద్దిరోజుల్లో చస్తుంది. మన పొట్టలో ఉండేది ఆమ్లం. పైగా ఆ గ్రాహకాలూ ఉండవు.

2002లో మనదేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ ప్రొటీన్‌ని మొక్కే తయారుచేసుకునేలా జన్యువుని చేర్చారు. పచ్చపురుగు మీద మందులు కొట్టీ కొట్టీ అప్పులపాలైన రైతుకి ఊరట దొరికింది. 2006లో రెండో జన్యువునీ జోడించారు. కానీ గులాబీరంగు పురుగు ఊరుకోలేదు. కొన్నింటిలో గ్రాహకం రూపు మారింది. కప్ప మారితే తాళంచెవి తిరగదు కదా! గుజరాత్‌లో అది మొదటి ప్రొటీన్‌ని తట్టుకుంటోందని 2010లో వెల్లడైంది. తర్వాత రెండోదీ పనిచేయలేదు. తెలుగు రాష్ట్రాల చేలల్లోనూ కాయ విప్పితే మళ్లీ అదే పురుగు!

దీనికి విరుగుడు మొదట్లోనే చెప్పారు. బీటీ చేను చుట్టూ మామూలు పత్తి వేయమని చిన్న ప్యాకెట్ కూడా ఇచ్చేవారు. అక్కడ బతికే మామూలు పురుగులు మొండివాటితో జతకడితే, పుట్టే పిల్లలు బీటీకి లొంగుతాయి. చాలామంది ఆ విత్తనాలు వేయలేదు. పురుగు కోసం చేలో జాగా వదలడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఇప్పుడు లింగాకర్షక బుట్టలు పెట్టి, డిసెంబరుకల్లా పంట ముగించి, పత్తికట్టె పీకేయాల్సి వస్తోంది. పురుగుకి వదలని ఆ నాలుగు వరసల విలువ రైతుకి ఇప్పుడు తెలుస్తోంది.