ఎవరి నేరశాస్త్రం? ఎవరి సూచిక?

ఏది నేరమో చట్టం చెబుతుంది. ఆ నేరం గురించి ఎవరి మాట జ్ఞానమో గ్రంథసూచిక తేలుస్తుంది. సూచికకెక్కని నివేదిక, కరపత్రం పరిశోధకులకు లేనట్టే లెక్క. అందుకే ఇది గ్రంథాలయాల గొడవ అని వదిలేయకుండా స్త్రీల హక్కుల సమస్యగా చర్చకు పెడుతున్నాను.

అమెరికా న్యాయశాఖ నేర సాహిత్యం కోసం 1972లో ఒక సూచన కేంద్రం పెట్టింది. అందులో రెండు లక్షలకు పైగా రచనల సారాంశాలు పోగయ్యాయి. వాళ్ల పోలీసులకు, కోర్టులకు కావలసినట్టు వాళ్లు చేసుకున్నారు, తప్పేం లేదు. కానీ మన దగ్గర వరకట్న హత్యల మీద పరిశోధన మొదలుపెట్టే విద్యార్థిని కూడా ముందు ఇలాంటి ఇంగ్లీషు సూచికలనే తెరుస్తుంది. స్త్రీల సంఘాలు, పౌరహక్కుల సంఘాలు ఊళ్లు తిరిగి తెలుగులో రాసిన నిజనిర్ధారణ నివేదికలు ఎక్కడున్నాయో ఆమెకు చెప్పేవాళ్లుండరు.

ప్రభుత్వ లెక్కలున్నాయి కదా అంటారు. 1986లో ఏర్పడిన జాతీయ నేర రికార్డుల సంస్థ పద్ధతి చూడండి. ఒకే ఎఫ్.ఐ.ఆర్.లో ఎన్ని నేరాలున్నా అన్నిటికంటే తీవ్రమైనదే లెక్కకెక్కుతుంది. పదేళ్లు తన్నులు తిని చివరికి కాలిపోయిన స్త్రీ వరకట్న మరణాల గడిలో ఒక అంకె అవుతుంది. ఆ పదేళ్లు ఏ గడిలోకీ రావు. హత్యలకు కారణాల పట్టికలో మంత్రవిద్యకూ ఒక వరుస ఉంది. అంటే చంపినవాళ్లు మోపిన నిందే కారణంగా అచ్చవుతోంది! ఆమెను వెలివేసిన కులపెద్దలు, ఆమె భూమి మీద కన్నేసిన పాలివాళ్లు ఆ వరుసలో ఎక్కడున్నారు?

చొప్పదండి చుట్టుపక్కల ఊళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లు నాతో చెప్పుకున్నవి ఈ పట్టికల్లో ఇమడవు. మొగుడి తాగుడు, కులపంచాయితీ జరిమానా, చేతబడి నెపం, దుబాయికి పోయినవాడి పెళ్లాం మీద అత్తింటి కాపలా - వీటిని వాళ్లు విడదీసి చెప్పరు.

పాత ఆదిలాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో 2019 నవంబరు 24న, ఊరూరా తిరిగి చిన్నచిన్న వస్తువులు అమ్ముకునే దళిత స్త్రీని అత్యాచారం చేసి చంపారు. 2020 జనవరి 30న ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు ముగ్గురికి మరణశిక్ష వేసింది. ఆ ఘటన జరిగిన మూడు రోజులకే హైదరాబాదు శివార్లలో ఒక పశువైద్యురాలి మీద అదే ఘోరం జరిగింది. దాని మీద వ్యాసాలు, సినిమా, విచారణ కమిషన్ నివేదిక ఉన్నాయి. లింగాపూర్ స్త్రీ గురించి ఎక్కువగా మిగిలింది జిల్లా పేజీల వార్తలూ, సంఘాల కరపత్రాలూ. ముందు చెదలు పట్టేవి అవే.

మన బాధ్యత కూడా లేకపోలేదు. నిధులిచ్చే సంస్థకు ఇంగ్లీషు నివేదిక పంపుతాం, తెలుగు ప్రతి అటకెక్కుతుంది. కార్యకర్తకు జాబితాలు రాసే తీరిక ఏదీ అనే ప్రశ్న న్యాయమైనదే. కానీ జాబితా లేకనే ప్రతి చావూ మొదటి చావే అవుతోంది. 'ఇక్కడ ఇలాంటివి జరగవు' అని అధికారి అన్నప్పుడు ముందు పెట్టడానికి మన చేతిలో కాగితం ఉండటం లేదు.

స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాట స్త్రీల నోటి మాటే చరిత్రకు ఆధారమైంది. నేరశాస్త్రానికి ఎందుకు కాకూడదు?

సూచిక మనమే తయారు చేసుకుందాం. ఒక్కో నివేదికకు ఒక్కో కార్డు: ఎవరు రాశారు, ఏ ఏడు, ఏ ఊరు, ఏ హింస, ఆమె కులం, ఆమె పని, నిందితుడు ఆమెకు ఏమవుతాడు, కేసు ఏమైంది, ప్రతి ఎక్కడుంది. శీర్షికలు మన మాటల్లో ఉండాలి: వెలి, చేతబడి నెపం, కాపలా. 2024 జులై 1 నుంచి 498-ఏ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లు, 304-బి స్థానంలో 80వ సెక్షన్ వచ్చాయి. పాత అంకె, కొత్త అంకె రెండూ రాయకపోతే నలభై ఏళ్ల కాగితాలు తెగిపోతాయి. ఇక అత్యాచారానికి గురైన స్త్రీ పేరు కార్డు మీద రాయకూడదు. చట్టం కూడా ఒప్పుకోదు. మనకు కావలసింది ఆమె మీద జరిగినదానికి సాక్ష్యం, ఆమె చిరునామా కాదు.

అటక మీది కట్టలు దించండి. ముందు మీ మండలంతోనే మొదలుపెట్టండి.