పాట వినడం కూడా హక్కే

తిరుపతిలో పాత గ్రామఫోను రికార్డులు దాచుకున్న పెద్దలు కొందరున్నారు. నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో చేరతారు. తలా ఒక ఇష్టమైన రికార్డు తెస్తారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ లక్క పలకలో ఒక్కో వైపు పాట మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. అది విని మూడు గంటలు మాట్లాడుకుంటారు. పాటంటే ప్రాణం కాబట్టి నేనూ మూడుసార్లు వెళ్లాను. ఆ గదిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఇంట్లో మాత్రం ఇంకొకావిడ ఉంది, వంటింట్లో. రెండుసార్లు కాఫీలు, ఒకసారి ఉప్మా తెచ్చిపెట్టి లోపలికి వెళ్లిపోయింది. ''మీరూ కూచోండక్కా'' అన్నాను. ''నాకు యాడ తీరికమ్మా, లోపలికి ఇనపడతానే ఉండాది గదా'' అంది.

వినపడడం వేరు, వినడం వేరు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం రికార్డు 1963లో వచ్చింది. అప్పటి నుంచీ మన ప్రాంతంలో ఆ గొంతు చెవిన పడని ఆడమనిషి ఉండదు. కానీ మనం దాన్ని కళ్లాపి చల్లుతూ, పాలు కాస్తూ, పిల్లల్ని లేపుతూ విన్నాం. పాట కోసం పని ఆపి కూర్చున్న రోజు మనలో ఎందరికి గుర్తుంది? మగవాడు పాట వింటే అది రసికత. ఆడది పని మానేసి పాట వింటే ఒళ్లు బద్ధకం!

ఇంతకూ ఆ గదిలో తిరిగిన రికార్డులు ఎవరివి? చాలావరకు ఆడవాళ్లవే. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ రికార్డులిచ్చింది. దక్షిణాదిలో సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి, బెంగుళూరు నాగరత్నమ్మ వంటివారు పాడారు. పేరున్న విద్వాంసులెందరో ఈ యంత్రం ముందు పాడడానికి వెనకాడిన రోజుల్లో ధైర్యం చేసింది ఎక్కువగా దేవదాసీ కుటుంబాల స్త్రీలు, తవాయిఫులు. మన పెద్దలు వాళ్ల శ్రుతి గురించి, గమకం గురించి, చివరికి లేబులు రంగు గురించి కూడా చర్చించారు. ''ఈవిడ ఎవరు, ఎలా బతికింది?'' అని నేనడిగితే మాత్రం, ''అవన్నీ ఇప్పుడెందుకమ్మా, సంగీతం గురించి మాట్లాడుకుందాం'' అన్నారు.

ఎందుకు మాట్లాడకూడదు? నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' అచ్చువేయించింది. అశ్లీలమని ప్రభుత్వం మరుసటి ఏడాదే దాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగింది 1947లో. తిరువయ్యూరులో త్యాగరాజు సమాధికి గుడి కట్టడానికి సొంత సొమ్ము ఖర్చు పెట్టింది కూడా ఆమే. అక్కడి ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వకపోతే 1927లో స్త్రీలతో వేరే ఆరాధన మొదలుపెట్టింది. ఇది సంగీత చరిత్ర కాదా?

ఎం.ఎస్. అన్న పొడి అక్షరాల్లో 'ఎం' మదురై, 'ఎస్' ఆమె తల్లి, వీణ విద్వాంసురాలు షణ్ముఖవడివు. తిరుపతిలో పూర్ణకుంభం కూడలిలో 2006లో పెట్టిన ఎం.ఎస్. విగ్రహం ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లలో ఆ తల్లి పేరు ఎందరికి తెలుసు?

నేను దేవదాసీ ఆచారాన్ని వెనకేసుకు రావడం లేదు. దాన్ని రద్దు చేయాలని డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చేసిన పోరాటం మన పోరాటమే. 1947 నాటి మద్రాసు చట్టం మన చిత్తూరు జిల్లాకూ వర్తించింది. ఆచారం పోవలసిందే. కానీ దానితోపాటు ఆ స్త్రీల బతుకుతెరువు, గౌరవం ఎందుకు పోవాలి? వాళ్ల పదాలూ జావళులూ పెద్ద కులాల ఇళ్లకు శాస్త్రీయ విద్యగా చేరాయి. అవమానం మాత్రం వాళ్ల బిడ్డలకు మిగిలింది.

ఇది మనకే పరిమితం కాదు. అమెరికాలో నల్లజాతి స్త్రీ మేమీ స్మిత్ 1920లో బ్లూస్ పాట రికార్డు చేసి జాజ్, బ్లూస్ గాయనులకు దారి తెరిచింది. ఆ దారిలో వచ్చి గొప్ప పేరు పొందిన బెస్సీ స్మిత్ 1937లో చనిపోయింది. ఆమె రికార్డులను అపురూపంగా దాచుకున్న అభిమానులు ఎందరో ఉన్నా, 1970 దాకా ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయి లేదు. పలకను ప్రేమించడం తేలిక, పాడిన మనిషిని గౌరవించడమే కష్టం.

కూలి, ఆస్తి, హింస గురించి మాట్లాడే మన సంఘాల్లో విశ్రాంతి గురించి మాట్లాడడానికి మనకే బిడియం. ''అన్నానికి లేనిచోట పాటేమిటి'' అంటాం. ఎనిమిది గంటల పనిదినం కోసం కార్మికులు పోరాడింది విశ్రాంతి కోసం, తమ ఇష్టానికి మిగిలే గంటల కోసం కూడా. ఇంటి చాకిరీకి ఆ లెక్క ఎందుకుండదు?

అందుకే నా ప్రతిపాదన. ప్రతి సంఘం నెలకో పూట పాట వినడానికి కేటాయించాలి. పాడినామె పేరు, ఆమె తల్లి పేరు, ఆమె బతుకు చెప్పుకోవాలి. మన ఊళ్లలో విసురురాయి పాటలు, నాట్ల పాటలు వచ్చిన ముసలమ్మలున్నారు. వాళ్లు ఒప్పుకుంటే సెల్‌ఫోన్‌లోనైనా రికార్డు చేసి, వాళ్ల పేర్లతోనే భద్రపరచాలి.

వచ్చే ఆదివారం ఆ వంటింటి అక్కను పాట వినడానికి రమ్మన్నాను. కాసేపు ఆలోచించి, ''మరి కాపీ ఎవురు పెడతారు?'' అంది.

జవాబు చెప్పాల్సింది నేను కాదు, ముందుగదిలో కూర్చున్నవాళ్లు.