పాత వాచీకి కొత్త మొహం

"పాత హెచ్ఎంటీ జనతా, పూర్తిగా ఒరిజినల్, కొత్తదానిలా మెరుస్తోంది" అని ఎవరైనా అమ్మజూపితే నాకు మొదటి అనుమానం ఆ మెరుపు మీదే. నలభై ఏళ్ళు చెమటలో, వానలో తిరిగిన వాచీ పెళ్ళికొడుకులా ఎలా ఉంటుందండీ?

రోలెక్స్ అయితే వాచీ మొత్తాన్నీ నకిలీ చేస్తారు. హెచ్ఎంటీతో అంత శ్రమ అక్కర్లేదు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో మొదలుపెట్టి వాచీలు కోట్లలో తయారుచేశారు. 2016లో ఆ వాచీల కంపెనీ మూసివేతకి కేంద్రం ఒప్పుకుంది గానీ, పాత మెషీన్లకి కరువేం లేదు. అలాంటి అసలు మెషీన్‌కి కొత్తగా రంగేసిన డయల్, ఇంకో మోడల్ ముళ్ళు, ఎక్కడిదో కేసు తగిలిస్తే 'వింటేజ్' రెడీ! కాబట్టి "ఇది ఒరిజినలేనా?" అని ఒక్క ప్రశ్న వేస్తే లాభం లేదు. ఒక్కో పార్టుకీ విడిగా టెస్ట్ రాసుకోవాలి (వృత్తి అలవాటు, ఏం చేస్తాం).

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది డయలే. భూతద్దం పెట్టి అక్షరాలు చూడండి. ఫ్యాక్టరీ ప్రింటు సన్నగా, అంచులు తెగినట్టు ఉంటుంది. మళ్ళీ వేసిందాంట్లో అక్షరాలు లావెక్కి, పక్కకి కాస్త పాకినట్టు కనిపిస్తాయి. నిమిషాల గీతలు గంటల గుర్తులకి ఎదురుగా సరిగ్గా వస్తున్నాయా? ముళ్ళ మీద చీకట్లో మెరిసే పూత పసుపెక్కిపోయి, డయల్ మీద అదే పూత తెల్లగా ఉంటే రెండూ ఒకే వయసువి కావన్నమాట. నల్ల డయల్‌తో పేరుపడ్డ పైలట్ మీకు చిలకాకుపచ్చలో దొరికిందంటే అదృష్టమని మురిసిపోకుండా రంగుడబ్బాని అనుమానించండి.

వెనక మూత తీయించి మెషీన్ మీద హెచ్ఎంటీ ముద్ర, నంబరు కూడా చూసుకోవాలి. ఇక ఫోన్లో టిక్కుటిక్కు వినే యాప్‌లున్నాయి. జనతాలో ఉండే 0231 మెషీన్ సెకనుకి 5 సార్లు, అంటే రోజుకి 4,32,000 సార్లు కొట్టుకుంటుంది. యాప్ ఆ లెక్క సరిగ్గా చూపిస్తే వాచీ ఆరోగ్యంగా ఉందని మాత్రమే అర్థం, డయల్ సంగతి దానికేం తెలుసు?

రేటు గురించి ఒక్క మాట. కోట్లలో చేసిన వస్తువు పాతబడినంత మాత్రాన అరుదైపోదు. అమ్మేవాడు అడిగే ధర కాదు, నిజంగా ఎంతకి అమ్ముడైందో చూడాలి. రంగేసిన డయలైతే మాత్రం నడిచే వాచీకిచ్చే డబ్బే ఇవ్వండి, పాతదనానికి విడిగా ఇవ్వకండి. డయల్ మళ్ళీ వేయించడం నేరమేం కాదు. ఆ ముక్క దాచి ఒరిజినల్ రేటుకి అమ్మడమే మోసం.

నాకు అసలు బాధ కొనేవాళ్ళ గురించి కాదు. ఇంట్లో నాన్నదో తాతదో వాచీ బయటపడగానే ప్రేమకొద్దీ తీసుకెళ్ళి "కొత్తదానిలా చేసివ్వు" అంటారు చూశారూ, వాళ్ళ గురించి. ఎవర్నీ మోసం చెయ్యాలని కాదు పాపం. కానీ డయల్ ఒకసారి గీకేశాక అన్‌డూ లేదు. ఆయన రోజూ చూసుకున్న ఆ మొహం పోయినట్టే. షాపులో ఇచ్చేటప్పుడే గట్టిగా చెప్పండి: మెషీన్ శుభ్రం చెయ్యి, అద్దం మార్చు, డయల్ జోలికి వెళ్ళకు, కేసుకి పాలిష్ పెట్టకు, తీసేసిన పార్టులన్నీ కవర్లో వేసి నాకివ్వు. చెప్పి ఊరుకోకుండా, ఇచ్చేముందు డయల్‌కి దగ్గరగా రెండు ఫొటోలు కూడా తీసిపెట్టుకోండి.