రోమ్ పోయినా వంటింట్లోనేనా?

కుటుంబంతో యూరప్ చూడటానికి వెళ్ళే ఆడవాళ్ళకు నేను చెప్పే మాట ఒక్కటే. ఉండే చోటు బుక్ చేసేటప్పుడు వంటగది ఉన్న ఫ్లాట్ వద్దని చెప్పండి. పొద్దున టిఫిన్ వాళ్ళే పెట్టి, పక్కలు వాళ్ళే సర్ది, తువ్వాళ్ళు వాళ్ళే మార్చే హోటల్ తీసుకోమనండి. ఇవి డబ్బున్నవాళ్ళ మాటలని కొందరికి అనిపించవచ్చు. డబ్బు లెక్క కూడా చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

మాది మంచిర్యాల. మా ఆయన సింగరేణిలో పనిచేసి పోయిన ఏడాది రిటైర్ అయ్యారు. అమ్మాయి జర్మనీలో చదువుతోంది, అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే మే నెలలో నలుగురం రోమ్‌లో కలుసుకుని ఐదు రాత్రులు ఉందామని అనుకున్నాం. విమానం టికెట్ల దగ్గర గానీ, వీసా కాగితాల దగ్గర గానీ మాకు మాట తేడా రాలేదు. ఉండే చోటు దగ్గర వచ్చింది. మా ఆయన ఫోన్‌లో ఒక ఫ్లాట్ చూపించి, "ఇగో చూడు, పొయ్యి ఉన్నది, ఫ్రిజ్ ఉన్నది, గిన్నెలు గూడ వాళ్ళే ఇస్తరట. పొద్దుగాల నువ్వింత అన్నం, పప్పు వండితే దినమంతా ఫికర్ ఉండదు" అన్నారు. అబ్బాయి తలూపాడు. వాళ్ళిద్దరికీ అందులో ఆలోచించాల్సినదేమీ కనిపించలేదు. ఆ ఫ్లాట్ రేటులో రాయని ఖర్చు నేనే అని నాకు అర్థమైంది.

వాళ్ళను తిట్టి లాభం లేదు. మనకు ప్రయాణం అంటేనే పొయ్యి వెంట తీసుకుపోవడం. వేములవాడ పోతే ధర్మగుండంలో స్నానం, కోడె మొక్కు, తర్వాత గది ముందర స్టవ్ వెలిగించి అన్నం వండటం. మేడారం జాతరకు పోతే చెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి కోడికూర. గూడెం గుట్టకు పోయినా సద్ది మూట మన చేతులతో కట్టిందే. అది తప్పని నేను అనను. అప్పట్లో దారిలో తిండి దొరికేది కాదు, దొరికినా అంత డబ్బు ఉండేది కాదు. పైగా అక్కడ పదిమంది ఆడవాళ్ళం కలిసి వండుకునేవాళ్ళం. ఒకరు ఉల్లిగడ్డ కోస్తే ఒకరు కారం నూరేవాళ్ళు, నవ్వులూ పాటలూ ఉండేవి. రోమ్ ఫ్లాట్‌లో ఆ పదిమంది ఉండరు. తెలియని పొయ్యి ముందర మీరు ఒక్కరే నిలబడతారు.

ఆ రోజు ఎట్లా గడుస్తుందో ఒకసారి లెక్క వేసుకోండి. కొలోసియం లోపలికి టికెట్ మీద టైం వేసి ఇస్తారు. పొద్దున ఎనిమిదిన్నర టికెట్ అంటే ఇంటి నుంచి ఏడున్నరకు బయటపడాలి. అప్పటికి అన్నం, పప్పు అయ్యి, డబ్బాలకెత్తి, గిన్నెలు కడగాలంటే మీరు ఐదింటికి లేవాలి. సాయంత్రం కాళ్ళు పీకుతుండగా వస్తే మళ్ళీ బియ్యం కడగాలి. వెళ్ళే రోజు చెత్త తీసి, వంటగది శుభ్రం చేసి అప్పగించడం కూడా చాలా ఫ్లాట్లలో ఉంటుంది. మిగతా ముగ్గురూ రోమ్ చూస్తారు. మీరు రోమ్‌లో ఒక సింక్ చూస్తారు.

ఇక డబ్బు. మేము చూసిన హోటల్‌లో రెండు గదులు ఐదు రాత్రులకు తీసుకుంటే ఫ్లాట్ కన్నా ఎక్కువే అయింది, దాచాల్సిన పని లేదు. కానీ తేడా తెర మీద మొదట కనిపించినంత లేదు. ఫ్లాట్ రేటు మీద శుభ్రం చేసినందుకని ఒక చార్జి, బుకింగ్ కంపెనీ ఫీజు ఒకటి చివర్లో వచ్చి చేరాయి. రోమ్‌లో రాత్రి బస చేసినందుకు నగరం వసూలు చేసే పన్ను ఒకటి ఉంది. 3 నక్షత్రాల హోటల్‌లో మనిషికి రాత్రికి 6 యూరోలు, 4 నక్షత్రాలైతే 7.50 యూరోలు. పదేళ్ళ లోపు పిల్లలకు ఉండదు. నలుగురికి ఐదు రాత్రులంటే 3 నక్షత్రాల హోటల్‌లో 120 యూరోలు. ఇది చాలాసార్లు ఆన్‌లైన్ రేటులో కలిసి ఉండదు, అక్కడికి వెళ్ళాక కట్టమంటారు. ఫ్లాట్‌కు కూడా ఈ పన్ను తప్పదు. హోటల్‌లో పొద్దున టిఫిన్ కలిసి ఉంటే నలుగురికి రోజుకు ఒక పూట ఖర్చు తగ్గినట్టే.

అన్నీ తీసేశాక మిగిలిన తేడా ఏమిటి? ఐదు రోజుల వంటమనిషి కూలి. మన ఊర్లో దావత్‌కు వంటకు పిలిస్తే వంటామెకు రోజుకు ఇంత అని ఇస్తాం, చీర కూడా పెడతాం. ఎవరూ బేరం ఆడి సున్నా చేయరు. ఇంట్లో ఆడమనిషి వంటకే విలువ సున్నా అని లెక్క వేస్తాం కాబట్టి ఫ్లాట్ చవకగా కనిపిస్తుంది. ముప్పై ఏళ్ళలో ఐదు రోజుల కూలి అడగడం ఎక్కువేమీ కాదు.

"అన్నం లేకుండా ఎట్లా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. మా ఇంట్లోనూ వచ్చింది. రోమ్‌లో టెర్మినీ అనే పెద్ద రైల్వే స్టేషన్ పక్కన ఎస్క్విలీనో అనే పేట ఉంది. అక్కడి మార్కెట్లో మన బియ్యం, పచ్చిమిర్చి, మసాలాలు అమ్ముతారు. ఆ చుట్టుపక్కల ఇండియన్ హోటళ్ళు కూడా ఉన్నాయి. రోజూ కాకపోయినా రెండు రోజులకొకసారి అన్నం తినొచ్చు. మాంసం తినని వాళ్ళకు ఇటలీ కష్టమైన దేశం కాదు. మరినారా పిజ్జాలో టమాట, వెల్లుల్లి, నూనె తప్ప చీజ్ కూడా ఉండదు. వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆలివ్ నూనెతో చేసే పాస్తా ఉంటుంది, మన పోపు వాసనకు దగ్గరగానే. ఇంటి నుంచి సకినాలు, కారంపొడి పట్టుకుపోతే చాలు. నెయ్యి సీసా, పాలకోవా మాత్రం ఇంట్లోనే పెట్టండి. పాలతో, మాంసంతో చేసిన వాటిని బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేనివ్వరు.

కొందరు హోటల్ గదిలోకి కరెంటు కుక్కర్ తీసుకుపోయి అన్నం వండుతారు. అది ఇంకా అన్యాయం. హోటళ్ళు గదిలో వంటకు ఒప్పుకోవు, పొగకు అలారం మోగితే అందరి ముందు తలదించుకోవాలి. ఆ కుక్కర్ మోసేదీ, కడిగేదీ ఎవరో మీకు తెలుసు.

ఇప్పుడు హోటల్ ఎట్లా ఎంచుకోవాలో చెప్తాను. మన దగ్గర హోటల్ అంటే తినే చోటు, ఉండేది లాడ్జి. లాడ్జిలో చాలాచోట్ల 24 గంటల లెక్క, ఏ టైంకు దిగితే మళ్ళీ ఆ టైం దాకా. యూరప్‌లో అట్లా కాదు. మధ్యాహ్నం రెండు, మూడు తర్వాతే గది ఇస్తారు, పొద్దున పది, పదకొండుకల్లా ఖాళీ చేయమంటారు. మీ విమానం తెల్లవారుజామున దిగితే సామాను పెట్టుకోనిస్తారా అని ముందే అడగండి. హోటల్‌లో రిసెప్షన్ ఉంటుంది కాబట్టి చాలావరకు పెట్టుకోనిస్తారు. ఫ్లాట్‌లో అట్లా రిసెప్షన్ ఉండదు. సూట్‌కేసులతో రోడ్డు మీద నాలుగు గంటలు తిరగాల్సి రావచ్చు.

రెండోది మోకాళ్ళు. పాత నగరం అంటే పాత భవనాలు, వాటికి లిఫ్ట్ ఉండాలనేమీ లేదు. ఉన్నా ఇద్దరు మనుషులు, ఒక పెట్టె పట్టేంత ఉంటుంది. లిఫ్ట్ కింది నుంచి ఉందా, సగం అంతస్తు ఎక్కాక మొదలవుతుందా అని ఉత్తరం రాసి అడగండి, సిగ్గు పడొద్దు. రోమ్ పాత వీధుల్లో నల్లరాతి ముక్కలు పరిచి ఉంటాయి. వాటి మీద చక్రాల పెట్టె లాగడం కష్టం, వాన పడితే జారుతుంది. త్రాస్తేవెరే అనే పేట ఫొటోల్లో ఎంతో అందంగా ఉంటుంది, కానీ అక్కడ మెట్రో లేదు, రాత్రి పొద్దుపోయేదాకా జనం సందడి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు వాటికన్ దగ్గరి ప్రాతీ పేట మేలు. పాత రోమ్‌తో పోలిస్తే అది కొత్తది, వీధులు తిన్నగా, వెడల్పుగా, చదునుగా ఉంటాయి, ఒట్టావియానో మెట్రో స్టేషన్ అక్కడే. టెర్మినీ దగ్గర ఉంటే రెండు మెట్రో లైన్లు కలుస్తాయి. ఫియుమిచీనో విమానాశ్రయం నుంచి టెర్మినీకి ఎక్కడా ఆగని రైలు 32 నిమిషాల్లో తెస్తుంది.

మూడోది ఆడవాళ్ళం ఒకరినొకరం చెవిలో అడిగేది. నీళ్ళు ఉంటాయా? యూరప్‌లో చాలా దేశాల్లో కాగితమే. ఇటలీ వేరు. ప్రతి ఇంట్లో కనీసం ఒక బాత్రూంలో బిడే అనే నీళ్ళ తొట్టి ఉండాలని 1975లో అక్కడ నియమం పెట్టారు. హోటళ్ళలో కూడా చాలావాటిలో ఉంటుంది. బాత్రూం ఫొటో చూడకుండా గది తీసుకోవద్దు. మగవాళ్ళు ఆ ఫొటో దాటేస్తారు, నేను ముందు అదే చూస్తాను.

నాలుగోది మంచాలు. ఇటలీలో "మాత్రిమోనియాలే" అంటే ఇద్దరికి ఒకే పెద్ద మంచం. తల్లీకూతుళ్ళకు వేరు వేరు మంచాలు కావాలంటే బుక్ చేసేటప్పుడే రాయాలి. గదిలో నీళ్ళు కాచుకునే కెటిల్ ఉండాలనేమీ లేదు, అడగండి. పొద్దున టిఫిన్ ఇడ్లీలా కడుపు నింపేది కాదు, తియ్యటి రొట్టె, కాఫీ ఎక్కువ. గుడ్లు, పళ్ళు, పెరుగు కూడా పెట్టే హోటల్ చూసుకోండి. తాగే నీళ్ళకు సీసాలు కొననక్కర్లేదు. రోమ్ వీధుల్లో 1874 నుంచి పెట్టిన నల్లాలు ఇప్పటికీ రెండున్నర వేల దాకా ఉన్నాయి. ఆ నీళ్ళు చల్లగా ఉంటాయి, తాగొచ్చు, పైసా తీసుకోరు.

ఇవన్నీ చదివితే మీకే అర్థమవుతుంది, ఉండే చోటు చూడటం ఇల్లాలు చేయాల్సిన పని. ఎవరికి మోకాలు నొప్పి, ఎవరు రాత్రి రెండుసార్లు లేస్తారు, ఎవరికి పొద్దున చాయ్ లేకపోతే తలనొప్పి, ఇవి ఇంట్లో మనకు తెలిసినంత ఎవరికీ తెలియవు. అయినా బుకింగ్ అనగానే ఫోన్ మగవాళ్ళ చేతిలో ఉంటుంది, సర్దడం అనగానే సూట్‌కేసు మన చేతిలో ఉంటుంది. ఇంగ్లిష్ రాదని భయపడొద్దు, ఈ సైట్లు ఫోన్‌లోనే తెలుగులోకి మార్చి చదవొచ్చు. షెంజెన్ వీసాకు ఉండే చోటు కాగితం, 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఎట్లాగూ చూపాలి. అందుకని ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న హోటల్ ముందుగా పట్టుకుంటే తొందరపాటు ఉండదు, మనసు మారినా నష్టం ఉండదు.

అందరికీ హోటలే సరైనదని నేను అనను. బిడ్డ కాన్పుకు పోయి రెండు నెలలు ఉండేవాళ్ళకు వంటగది కావాల్సిందే. పత్యం తినే పెద్దవాళ్ళు, పాలు తాగే పసిపిల్లలు వెంట ఉంటే ఫ్లాటే మేలు. అప్పుడు కూడా ఎవరు ఏ పూట వండుతారు, ఎవరు గిన్నెలు కడుగుతారు అన్నది డబ్బు కట్టక ముందే తేల్చుకోండి. "అక్కడికి పోయినంక చూద్దాం" అన్న మాటకు అర్థం "నువ్వే చెయ్యి" అనే.

మా ఇంట్లో నేను ఇదే చెప్పాను. "వంటగది ఉన్న ఫ్లాటే తీసుకుందాం, కానీ ఐదు రోజులు మీరు, కొడుకు వండాలి" అన్నాను. మా ఆయన కాసేపు ఆలోచించి, "సరేతియ్, హోటలే చూడు" అన్నారు. జర్మనీ నుంచి అమ్మాయి ఫోన్‌లో నవ్వింది. ఇప్పుడు ప్రాతీలో రెండు గదులు నా పేరు మీద బుక్ అయి ఉన్నాయి. లిఫ్ట్ కింది నుంచే ఉందని హోటల్‌వాళ్ళు జవాబు కూడా రాశారు.

రోమ్ దాకా పోనక్కర్లేదు. భద్రాచలం పోయినా, తిరుపతి పోయినా, అమ్మాయి దగ్గరికి హైదరాబాద్ పోయినా ఇదే ప్రశ్న ఉంటుంది. ఈసారి మీ ఇంట్లో ప్రయాణం మాట వచ్చినప్పుడు ఎక్కడికి పోతున్నాం అని అడగకముందు, అక్కడ ఎవరు వండుతారు అని అడగండి. జవాబు చెప్పకుండా అందరూ మీ వైపు చూస్తే, గది మీరే బుక్ చేయండి.