వానకు బీమా సరే... నమ్మకానికి?

అనంతపురం వైపు పెద్దవాళ్లు వానను మిల్లీమీటర్లలో చెప్పరు. ‘పదునైంది’ అంటారు. లేదంటే ‘ఇంకా పదును కాలేదు’ అంటారు. నేల ఎంత లోతు తడిసింది, విత్తనం వేస్తే మొలుస్తుందా లేదా... అదీ లెక్క. వాతావరణ శాఖవారి వర్షమాపకంలో పడిన వాన వేరు, చేనులో దిగిన వాన వేరు. ఈ రెండు కొలతలకూ మధ్య ఉన్న ఎడం మీద అమెరికాలోని పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి తలలు పట్టుకుని కూర్చున్నారంటే నమ్ముతారా? నిజమే మరి. అదీ మన పల్లెలకే వచ్చి!

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... 2022 ఏప్రిల్ నుంచి ఈ మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. అంతకుముందు అనంతపురం జిల్లా. జిల్లా పేరు మారింది కానీ ఆకాశం మారలేదు. ఏడాది మొత్తం మీద కురిసేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తాయి. ఈశాన్యం కోస్తా దాటి ఇక్కడికొచ్చేసరికి నీరసపడుతుంది. ఆ కాస్త వానను నమ్ముకుని వేసే పంట శెనక్కాయ. విత్తనకాయలు కొనాలి, దుక్కి దున్నించాలి, కూలీలకు ఇవ్వాలి. ఖర్చంతా ముందే. రాబడి మాత్రం నాలుగు నెలల తర్వాత, వానదేవుడు ఒప్పుకుంటే!

మరి ఆ ముందు ఖర్చుకు డబ్బు ఎక్కడిది? బ్యాంకులో పంటరుణం, ఇంటావిడ మెడలో గొలుసు, ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు రెండంటే ఏడాదికి ఇరవై నాలుగు! 2003లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో దేశం మొత్తం మీద రైతు కుటుంబాల్లో 48.6 శాతం అప్పుల్లో ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 82 శాతం ఉన్నట్టు తేలింది. 2019 సర్వేనాటికి అది 93.2 శాతం. వాన ఒక్కసారి ముఖం చాటేస్తే ఆ ఏడాది పంట ఒక్కటే పోదు. గొలుసు వేలానికి వెళుతుంది. పిల్లవాడి కాలేజీ ఫీజు ఆగుతుంది. ఇంట్లో మగవాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు.

ఇలాంటి చోటికి ఎవరైనా వచ్చి ‘వాన పడకపోతే డబ్బులిస్తాం’ అంటే జనం ఎగబడాలి కదా?

ఎగబడలేదు. అసలు కథ అక్కడే మొదలైంది.

వంద కడితే వెయ్యి

2003లో ఐసీఐసీఐ లాంబార్డ్ అనే బీమా కంపెనీ, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బేసిక్స్ అనే సూక్ష్మరుణ సంస్థ కలిసి మహబూబ్‌నగర్ జిల్లాలో వాన బీమా మొదలుపెట్టాయి. ప్రపంచ బ్యాంకు నిపుణులు సాయపడ్డారు. దేశంలో ఇలాంటి పాలసీ అదే మొదటిది. తొలి ఏడాది కొన్నది సుమారు 230 మంది శెనక్కాయ, ఆముదం రైతులు. తర్వాత అది అనంతపురం జిల్లాకూ వచ్చింది.

దాని లెక్క సులువే. ఖరీఫ్‌ను మూడు దశలుగా విడదీశారు. మొదటిది విత్తనం మొలిచే దశ, రెండోది పూత, కాయ దశ, మూడోది కోత దశ. మొదటి రెండింట్లో వాన తక్కువైతే పరిహారం. కోతప్పుడు మాత్రం వాన ఎక్కువైతే పరిహారం. పీకి కుప్ప పోసిన శెనక్కాయ తడిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా!

ఉదాహరణకు ఒక దశలో 60 మిల్లీమీటర్లు పడాలని పాలసీలో రాశారనుకోండి. 40 మాత్రమే పడింది. తగ్గిన ఒక్కో మిల్లీమీటరుకు పది రూపాయల చొప్పున రెండు వందలు వస్తాయి. పూర్తిగా ఎండగడితే గరిష్ఠంగా వెయ్యి. ఒక దశకు ప్రీమియం వంద రూపాయలకు అటూ ఇటూ. చేను చూడటానికి అధికారి రానక్కర్లేదు. పంట పోయిందని ఎవరి చుట్టూ తిరగనక్కర్లేదు. వర్షమాపకం ఏం చెబితే అదే తీర్పు. పాత పంటల బీమాలో మండలం మొత్తం మీద దిగుబడి తగ్గితేనే డబ్బు, అదీ ఎప్పుడొస్తుందో తెలియదు. దానితో పోలిస్తే ఇది మేలే కదా అనిపిస్తుంది.

భయపడేవాళ్లే కొనలేదు

ప్రపంచ బ్యాంకుకు చెందిన జేవియర్ గినే, ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుకు చెందిన జేమ్స్ వికరీ ఈ రెండు జిల్లాల పల్లెల్లో వెయ్యికి పైగా కుటుంబాలను సర్వే చేయించారు. 2004లో పాలసీ అమ్మిన ఊళ్లలో దాన్ని కొన్నవాళ్లు నూటికి ఐదుగురు కూడా తేలలేదు. కొన్నవాళ్లలోనూ ఎక్కువమంది ఒక్కటంటే ఒక్క పాలసీతో సరిపెట్టుకున్నారు.

అంతకన్నా వింత ఇంకొకటి. పుస్తకాల ప్రకారం నష్టమంటే ఎక్కువ భయపడేవాడే ముందుగా బీమా కొనాలి. ఇక్కడ తిరగబడింది. ఆచితూచి అడుగేసే రైతులే దూరంగా ఉండిపోయారు. కాస్త కలిగినవాళ్లు, బేసిక్స్‌తో ముందునుంచి పరిచయం ఉన్నవాళ్లు కొన్నారు.

ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. జాగ్రత్తపరుడి కంటికి వాన ఎంత అనుమానమో, ఆ కాగితమూ అంతే అనుమానం. ‘వాన పడుతుందో లేదో తెలియదు. ఈ కంపెనీ ఇస్తుందో లేదో అదీ తెలియదు. రెండు జూదాలు ఒకేసారి ఎందుకు?’ అనుకుంటాడు. అది తెలివితక్కువతనం కాదు, తెలివే!

చేతిలో వంద, గుమ్మంలో తెలిసిన మనిషి

అయితే ఇది ఊహేనా, నిజమేనా? తేల్చడానికి 2006లో హార్వర్డ్‌కు చెందిన షాన్ కోల్ మొదలైనవారు వీళ్లతో కలిశారు. ఇక్కడే కాక గుజరాత్‌లోనూ ప్రయోగం చేశారు. కొత్త మందును పరీక్షించినట్టే ఇదీ. చీటీ వేసినట్టుగా ఇళ్లను ఎంపిక చేసి కొందరికి ధర తగ్గించారు. కొందరి ఇంటికి మనిషిని పంపి విడమరిచి చెప్పించారు. కొన్నిచోట్ల ఆ మనిషిని, ఊళ్లో అందరికీ తెలిసిన బేసిక్స్ ప్రతినిధి చేత పరిచయం చేయించారు. ఇంకొందరికి మాట్లాడినందుకు ప్రతిఫలంగా ఇరవై అయిదుకు బదులు వంద రూపాయలు చేతిలో పెట్టారు.

ఏమైంది? ధర పది శాతం తగ్గిస్తే అమ్మకం ఇంచుమించు పది శాతం పెరిగింది. బాగానే ఉంది కానీ, ధర ఎంత సబబుగా పెట్టినా ఊరంతా కొనే పరిస్థితి మాత్రం కనబడలేదు. మిల్లీమీటర్ల పాఠం అదనంగా చెప్పినందువల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తెలిసిన మనిషి వెంటబెట్టుకుని వచ్చి ‘ఈయన మనవాడే’ అంటే మాత్రం అమ్మకం మూడో వంతుకు పైగా పెరిగింది. చేతిలో వంద రూపాయలు పడ్డ ఇళ్లలో అయితే రెట్టింపుకు మించిపోయింది!

కొననివాళ్లను ‘ఎందుకు కొనలేదు’ అని అడిగితే ఎక్కువగా వినిపించిన జవాబు కూడా ఇదే... చేతిలో డబ్బు లేదు. పాలసీ అమ్మేది విత్తనాలకు ముందు. రైతింట పైసా లేని రోజులూ అవే! విత్తనకాయలకే గొలుసు తాకట్టు పెట్టిన ఇల్లాలు, నాలుగు నెలల తర్వాత వస్తుందో రాదో తెలియని వెయ్యి కోసం ఇవాళ వంద ఎక్కడ తెస్తుంది?

‘రైతుకు బీమా గురించి అవగాహన లేదు’ అని సభల్లో తరచూ వింటుంటాం. ఈ ప్రయోగం చెప్పింది వేరు. కావలసింది పాఠాలు కాదు. నమ్మదగిన మనిషి, సమయానికి చేతిలో డబ్బు.

ఉంటే ఏమవుతుంది?

మరి బీమా నిజంగా చేతిలో ఉంటే రైతు ఏం చేస్తాడు? 2009లో కోల్, గినే, వికరీ అదీ చూశారు. కొందరికి విత్తనానికి ముందే వాన బీమా ఉచితంగా ఇచ్చారు. మిగతావాళ్లకు దానికి బదులుగా కొంత నగదు ఇస్తామన్నారు. బీమా ఉన్నవాళ్లు మొత్తం ఖర్చు పెద్దగా పెంచలేదు. కానీ ఆ పెట్టుబడిలో ఎక్కువ భాగాన్ని వాన మీద ఆధారపడినా నాలుగు డబ్బులు మిగిల్చే శెనక్కాయ, ఆముదం వైపు మళ్లించారు. 2017లో అచ్చయిన ఈ పరిశోధన చెప్పేదేమిటంటే, బీమా పని పంట పోయాక మొదలవదు. వేయాలా వద్దా అని గట్టు మీద నిలబడి తటపటాయించే రోజునే మొదలవుతుంది. ఆ ధైర్యమే అసలు పరిహారం.

మరైతే తప్పంతా నమ్మని రైతుదేనా? కాదు. వర్షమాపకం హిందూపురంలో ఉంది, చేను పెనుకొండ కొండల అవతల ఉంది అనుకోండి. అక్కడ కుండపోత, ఇక్కడ చినుకు లేదు. పాలసీ ప్రకారం వాన పడ్డట్టే! చేను ఎండింది, కాగితం తడిసింది. రైతు అనుమానించింది సరిగ్గా దీన్నే. పైగా పాత వానల లెక్కలు తీసి చూస్తే, ఆ పాలసీల ధర సగటున రావలసిన పరిహారం కంటే బాగా ఎక్కువని ఆ పరిశోధకులే తేల్చారు.

ఇప్పుడు మనం అడగాల్సింది

ఆ చిన్న ప్రయోగం అక్కడితో ఆగలేదు. 2007లో కేంద్రం వాతావరణ ఆధారిత పంటల బీమాను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. 2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనతో పాటు దాన్నీ కొత్తరూపంలో తెచ్చారు. ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు రైతు వాటా బీమా మొత్తంలో రెండు శాతానికి మించకూడదు. మిగిలింది ప్రభుత్వాలు భరిస్తాయి. అంటే ధర సంగతి చాలావరకు తేలింది. 2020 ఖరీఫ్ నుంచి పంటరుణం తీసుకున్నవారికి కూడా బీమా ఐచ్ఛికమే. అంటే ఇక నిర్ణయం ఇంటిదే.

కాబట్టి సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. మా ఊరికి లెక్కలోకి తీసుకునే వర్షమాపకం ఎక్కడుంది? ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎంత తగ్గితే ఎంత ఇస్తారు? డబ్బు ఏ ఖాతాలో, ఎన్నాళ్లకు పడుతుంది? జవాబు చెప్పలేని మనిషి దగ్గర తొందరపడకండి. చెప్పగలిగితే, ప్రీమియం డబ్బు జూన్‌లో వెతుక్కోకుండా పంట అమ్మిన రోజే పక్కన పెట్టండి. ఆ రోజున కష్టమనిపించని సొమ్ము, విత్తనాలప్పుడు కొండంత అనిపిస్తుంది.

పొలం లేనివాళ్లకూ ఇందులో పాఠం ఉంది. ధర్మవరంలో మగ్గం నేసే ఇంటిదైనా, పట్నంలో నెలజీతం ఇంటిదైనా అలవాటు ఒకటే. బీరువాలో ఉన్న పాలసీ తీసి చూడండి. షరతులు చదివి కొన్నామా, చిన్నాన్న కొడుకు ఏజెంటని కొన్నామా? చాలా ఇళ్లలో జవాబు రెండోదే! తెలిసిన మనిషిని నమ్మడం తప్పు కాదు. కాకపోతే ఆ మనిషి ఊరు మారినా, ఉద్యోగం మారినా మన దగ్గర మిగిలేది కాగితమే. అందులో ఏముందో తెలుసుకునే హక్కు మనది, వివరంగా చెప్పాల్సిన బాధ్యత అమ్మినవాళ్లది.

ఇక కంపెనీలకు, అధికారులకు ఒక్క మాట. పల్లెల్లో కరపత్రం కన్నా ముందు నడిచేది కబురు. ఒక్క కరువేడు పక్కింటి ఖాతాలో సమయానికి డబ్బు పడిందంటే చాలు, మరుసటి ఏడాది ఊరికి మిల్లీమీటర్ల పాఠం చెప్పే పనే ఉండదు. పడలేదా... ఆ కబురూ అంతే వేగంగా నడుస్తుంది.